తిన్నగా తిప్పిన పుస్తకం

నిషేధించిన పుస్తకాలు చింపే పనికి చదువు రానివాళ్లనే తీసుకుంటారు. పాప పాల కోసం నాకూ అక్షరం ముక్క రాదని చెప్పి చేరాను. ఆరోజు తలకిందులుగా చేతికొచ్చిన పుస్తకాన్ని అలవాటుకొద్దీ తిన్నగా తిప్పాను. నన్ను బడి మాన్పించిన రోజు సగంలో ఆగిపోయిన సముద్రం పాఠం అందులో ఉంది.

మేస్త్రీ చూడనే చూశాడు. "ఏమ్మాయ్, చదువుతున్నావా?"

పాప ఆకలి ఏడుపు నా చెవుల్లో మోగింది.

"దాని మొహం! పడవ బొమ్మ చూస్తోందండీ" అని పక్కన పనిచేసే పిన్ని నవ్వేసింది.

అతను వెళ్లాక పుస్తకం చింపేసి, ఆ పాఠం చివరి పేజీ మాత్రం జాకెట్లో దాచుకున్నాను.

పిన్ని నా చెవి దగ్గరికి వంగింది. "నీకు చదువొచ్చని నాకెప్పుడో తెలుసులేవే. నేను సముద్రమూ చూడలేదు, బడీ చూడలేదు. ఇంటికెళ్లే దారిలో నాకూ వినిపించవే" అంది.