డి లేని మాట

ఇంగ్లండులోని హల్ రేవు గేటు పక్కన మా అమ్మ విన్నీకి టీ గుడిసె ఉండేది. బయట నల్లబల్ల మీద రెండే మాటలు: టీ, స్పామ్‌విచ్. టిన్నులోంచి తీసిన స్పామ్ మాంసాన్ని కోసి, వేయించి, రొట్టెముక్కల మధ్య పెడితే అదే స్పామ్‌విచ్. రేవు కూలీలందరిదీ అదే మాట.

నేను పరీక్ష గట్టెక్కి, చదువులో ముందున్నవాళ్ళకే సీటిచ్చే గ్రామర్ స్కూల్లో చేరిన ఏడాది అది. స్కూలు టోపీతో పాటు పొగరు కూడా నెత్తికెక్కింది. ఒక శనివారం పొద్దున నా క్లాసు పిల్ల రోజలిండ్, రేవు డాక్టరుగారమ్మాయి, అటుగా వచ్చింది. బల్ల చూసి కిసుక్కుమంది.

"స్పామ్‌విచ్ ఏంటే మొరీన్? అసలు అలాంటి మాటే లేదు!"

నాకు తల కొట్టేసినట్టయింది. ఆ మాటను కోటు చేత్తో తుడిచేసి, 'స్పామ్ శాండ్‌విచ్' అని గుండ్రంగా రాశాను. అక్కడితో ఊరుకున్నానా? వరసలో పదిమంది వింటుండగా అరిచాను.

"రాయడం రాకపోతే అడగొచ్చు కదమ్మా! నలుగురిలో పరువు తీస్తావు!"

"అలాగేలే తల్లీ" అంది అమ్మ, నా వంక చూడకుండా.

క్రేను నడిపే ఆల్ఫ్ తాగుతున్న టీ కింద పెట్టాడు. "అది మేం కట్టిచ్చిన మాటే పిల్లా. మీ అమ్మకి..."

"నువ్వు తాగవయ్యా, చల్లారిపోతుంది" అని అమ్మ అతని నోరు మూయించింది.

సోమవారం నుంచి బల్ల మీద టీ ఒక్కటే ఉంది.

వారం తర్వాత కత్తి కోసం సొరుగు లాగితే నా పాత నోటుపుస్తకం దొరికింది. ముందు పేజీల నిండా పెన్సిలుతో అమ్మ రాసిన స్పామ్‌విచ్, స్పామ్‌విచ్. ఒక్క తప్పు లేదు. చివరి పేజీల్లో శాండ్‌విచ్. ఒక్కటీ సరిగ్గా లేదు. ప్రతిచోటా ఇంగ్లీషు డి అక్షరం తిరగబడి బి అయింది, లేదా ఎగిరిపోయింది. ఉత్తరం వచ్చినప్పుడల్లా అమ్మకి కళ్ళద్దాలు ఎందుకు కనపడేవి కావో అప్పుడు తెలిసింది నాకు. డి లేని మాట ఎవరు, ఎవరికోసం కట్టారో కూడా తెలిసింది. సిగ్గుతో చచ్చిపోయాను.

వెనక అమ్మ నిలబడి ఉంది. తిట్టినా బాగుండేది. ఏప్రన్‌కి చేతులు తుడుచుకుని పెన్సిలు నాకిచ్చింది.

"ఆ డి పొట్ట ఎటువైపు వస్తుందో గుర్తుండట్లేదే మొరీన్. ఇంకోసారి రాసి చూపిస్తావా? ఈసారి నీ పరువు తియ్యను."