మూడో గేరులో ఆగిన కారు

ఆ గ్యారేజీ యజమానిని అందరూ చెవుల మెకానిక్ అనేవాళ్లు. కారు గేటు దాటి లోపలికి రాకముందే దాని చప్పుడు విని, రోగం ఇదీ అని తేల్చేసేవాడు. పదిలో తొమ్మిదిసార్లు ఆయన మాట నిలబడేది. పదోసారి గురించి ఎవరూ మాట్లాడేవాళ్లు కాదు, ఆయనతో సహా.

ఒక శనివారం ఉదయం, కుట్టుపని నేర్పే టీచరమ్మ తన ఆటోమేటిక్ కారును నత్తనడకన నడుపుకుంటూ వచ్చింది. పక్క సీట్లో ఆమె చెల్లెలు బిక్కమొహం వేసుకుని కూర్చుంది.

"అన్నయ్యా, దీనికి గేరు మారట్లేదు. ఆగి బయల్దేరితే ముసలెద్దులా మూలుగుతోంది. కాస్త వేగం అందుకుంటే ఇంజను గోలే తప్ప బండి కదలదు."

మెకానిక్ అప్పటికే వేరే కారు కింద నడుం వాల్చి ఉన్నాడు. బయటికి రాకుండానే అడిగాడు.

"ఈమధ్య ఎవరు నడిపారమ్మా?"

"మా చెల్లే. వారం నుంచి దీని మీదే డ్రైవింగు సాధన చేస్తోంది."

"అదీ సంగతి!" అని నవ్వాడు. "బండి పూర్తిగా ఆగకముందే రివర్సులోకి లాగేసుంటుంది. కొత్త చేతులు కదా. గేరుబాక్సు లోపల క్లచ్ ప్లేట్లు కాలిపోయుంటాయి. మొత్తం దింపాల్సిందే."

"నేనలా ఎప్పుడూ లాగలేదండీ" అంది చెల్లెలు, వినపడీ వినపడనట్టు.

"నువ్వు మాట్లాడకు" అంది అక్క. "కోతికి కొబ్బరికాయ ఇచ్చినట్టు ఇచ్చాను నీకు. ఇంక సోమవారం పరీక్షా వద్దు, పాడూ వద్దు. నా కారునే ఇలా చేసినదానివి, నడవలేని పిల్లల్ని ఎక్కించుకుని ఊరంతా తిప్పుతావా?"

ఎనిమిదేళ్లుగా లాండ్రీలో ఇస్త్రీ చేస్తున్న ఆ చెల్లెలు, నడవలేని పిల్లల స్కూలు వ్యానుకు డ్రైవరుగా చేరాలనుకుంటోందని, సోమవారం పరీక్ష దానికేనని మెకానిక్‌కు అప్పుడే తెలిసింది. ఒక్కమాట అడ్డు వేయొచ్చు. 'ఉండమ్మా, ముందు చూడనీ' అంటే సరిపోయేది. అనలేదు. చేతిలో ఉన్న నట్టు బిగిస్తూ ఉండిపోయాడు. చెల్లెలు కారు దిగి, అక్క కోసం ఆగకుండా నడిచి వెళ్లిపోయింది.

సోమవారం పొద్దున ఆ కారు బానెట్ ఎత్తాడు. ముందు గేరు ఆయిల్ కొలిచే పుల్ల బయటికి తీశాడు. ప్లేట్లు కాలితే ఆయిల్ నల్లబడాలి, మాడు వాసన రావాలి. ఇది ఎర్రగా, తేటగా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఏ వాసనా లేదు. ఆయన మనసులో ముల్లు గుచ్చుకున్నది అక్కడే.

స్కానర్ తగిలించాడు. బండి ఎంత వేగంతో పోతోందో చెప్పే సెన్సర్ నుంచి సమాచారం అందడం లేదని చూపించింది. వేగం తెలియకపోతే కారులోని కంప్యూటర్ ఏ గేరు వేయాలో తేల్చుకోలేదు. గేరుబాక్సు పాడవకుండా మూడో గేరు పట్టుకుని మొండికేస్తుంది. సెన్సర్ విప్పి కొలిచాడు. బాగానే ఉంది. అంటే తప్పు తీగలో ఉంది.

తీగ మీద వేలు పెట్టి, అంగుళం అంగుళం తడుముకుంటూ పైకి వచ్చాడు. బ్యాటరీ కింద వేలు ఆగింది. అక్కడ తీగ ఇనప పట్టీ అంచుకు రాసుకుని రాసుకుని, తొడుగు చిరిగి, రాగి తెగిపోయింది. తీగను ఆ అంచుకు తగలకుండా పట్టి ఉంచాల్సిన క్లిప్పు లేదు.

బ్యాటరీ రెండు నెలల కిందట మార్చారు. మార్చింది ఆయనే. క్లిప్పు చేతిలోనే పుటుక్కున విరగడం, 'ఏం కొంప మునుగుతుందిలే' అనుకుని దాన్ని చెత్తడబ్బాలో పడేయడం ఇప్పుడు జరిగినంత స్పష్టంగా గుర్తొచ్చాయి.

తీగ అతికి, టేపు చుట్టి, కొత్త క్లిప్పు వేయడానికి పావుగంట పట్టింది. కారును వీధి చివరిదాకా తిప్పాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. గేర్లు కుదుపు లేకుండా మారాయి. బండి బాగైనందుకు దిగులు పడటం ఆయనకు అదే మొదటిసారి.

మధ్యాహ్నం టీచరమ్మ ఫోన్ చేసింది.

"అయిపోయిందమ్మా. గేరుబాక్సు బాగానే ఉంది. తీగ ఒకటి తెగింది, అంతే."

"తీగా? మా చెల్లి కుదుపులకే తెగుంటుంది, కదన్నయ్యా?"

"అయ్యుండొచ్చు" అంది ఆయన నోరు. మనసు వద్దంటూనే ఉంది. తర్వాత మెల్లగా అడిగాడు. "పరీక్షకి వెళ్లిందా?"

"ఎక్కడి పరీక్ష! 'నా చేతులకి స్టీరింగ్ పనికిరాదు' అని చెప్పి, పొద్దున్నే ఇస్త్రీకి పోయింది."

ఫోన్ పెట్టేశాక అన్నం డబ్బా మూత తీశాడు, మళ్లీ పెట్టేశాడు. చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కుని లాండ్రీకి బయల్దేరాడు.

ఆవిరి పొగల మధ్య చెల్లెలు ఆసుపత్రి దుప్పట్లు ఇస్త్రీ చేస్తోంది. ఆయన్ని చూసి భయపడింది.

"ఇంకేమైనా పాడైందా అండీ?"

"లేదమ్మా. నువ్వు ఏదీ పాడు చేయలేదు. నేనే చేశాను." బ్యాటరీ సంగతి, క్లిప్పు సంగతి ఏదీ దాచకుండా చెప్పాడు.

ఆమె ఇస్త్రీపెట్టెను నిలబెట్టింది.

"ఎప్పుడు లాగానా అని రెండు రోజులుగా ఆలోచిస్తున్నానండీ. ఆలోచించగా ఆలోచించగా, ఒకసారి లాగినట్టు గుర్తు కూడా వచ్చేసింది. మందుల షాపు మలుపులో. అయితే అది జరగనే లేదా?"

ఆయన తల దించుకున్నాడు. ఆమె తిట్టి ఉంటే బాగుండేది.

"నాకు చూపించండి" అందామె. "మా అక్క ముందు."

సాయంత్రం ముగ్గురూ బానెట్ చుట్టూ నిలబడ్డారు. ఆయన టార్చి వేసి ఇనప అంచు, తీగకు కట్టిన కొత్త టేపు చూపించాడు.

"మరి ఫోన్లో అయ్యుండొచ్చు అన్నారే!" అంది టీచరమ్మ.

"అన్నానమ్మా. నా తప్పని చెప్పడానికి నోరు రాలేదు."

ఆమె మొహం ఎర్రబడింది. ఏదో అనబోయింది. చెల్లెలే ముందు మాట్లాడింది.

"ఆయన బండిని చూడకుండా చెప్పారు. నేను పుట్టినప్పటి నుంచీ నువ్వు నన్ను చూస్తున్నావు కదక్కా. లాగావా అని ఒక్కసారైనా అడగలేదే?"

టీచరమ్మ కారు తాళం అందుకుంది. దాన్ని చెల్లెలి వైపు చాపింది. చెల్లెలు తీసుకోలేదు. వెళ్లి పక్క సీట్లో కూర్చుంది.

మర్నాడు గ్యారేజీ తెరవకుండా మెకానిక్ ఆ స్కూలుకు వెళ్లాడు. వ్యాన్లు చూసుకునే పెద్దాయనతో జరిగిందంతా చెప్పి, ఇంకోసారి పరీక్ష పెట్టమని బతిమాలాడు. ఆ పని నిన్ననే ఇంకొకరికి ఇచ్చేశామని, మళ్లీ ఖాళీ వస్తే పిలుస్తామని చెప్పి పెద్దాయన ఆమె పేరు రాసుకున్నాడు.

ఖాళీ రావడానికి నాలుగు నెలలు పట్టింది. పరీక్షలో ఆమె నెగ్గిందని టీచరమ్మే వచ్చి చెప్పింది.

"తను బాగుందా అమ్మా?"

"బాగుంది. నాతో మాట్లాడుతోంది. ఈ వీధిలోకి మాత్రం రానంటోందన్నయ్యా. మీ మీద కోపం ఇంకా చల్లారలేదు."

"ఉండనివ్వమ్మా" అన్నాడాయన. "ఆ కోపం న్యాయమే."