సుకర్‌కి పోసిన పాలు

అరబ్బు దేశంలో, బుదైయాలోని ఆ విల్లాలో లోవమ్మ పనికి చేరి పదకొండేళ్లయింది. చేరిన రోజున ఆ ఇంటి చిన్నమ్మాయి హెస్సాకి ఎనిమిదేళ్లు. ఇప్పుడు ఆ పిల్ల కాలేజీకి వెళుతోంది. అయినా తలనొప్పి వస్తే తల్లి దగ్గరికి వెళ్లదు, "ఖాలా" అంటూ వంటింట్లోకి వస్తుంది. ఖాలా అంటే వాళ్ల భాషలో పిన్ని. ఆ పిలుపు విన్నప్పుడల్లా లోవమ్మకి కడుపు నిండిపోతుంది.

అందుకే తన పెంపుడు పామును అప్పగించడానికి హెస్సా వేరే మనిషిని వెతుక్కోలేదు.

ఆ పాము ఇంటికొచ్చి అప్పటికి పదిహేను రోజులే. మూరెడు పైన పొడవు, గోధుమరంగు ఒంటి మీద బెల్లప్పాకం ఒలికినట్టు పసుపు మచ్చలు. పేరు సుకర్, అంటే చక్కెర. మొదటి వారం లోవమ్మ ఆ గది గడప తొక్కలేదు. రెండో వారం గుమ్మంలోంచి చూసింది. తర్వాత అద్దాల పెట్టె దాకా వెళ్లి, ఎవరూ చూడకుండా దణ్ణం పెట్టుకుని వచ్చింది.

పెద్దకూతురి పురిటికి మేడమ్ జెద్దా వెళుతూ హెస్సాని కూడా తీసుకెళ్లారు. బయల్దేరేముందు హెస్సా లోవమ్మని పెట్టె ముందు కూర్చోబెట్టి అన్నీ చూపించింది.

"ఖాలా, ఇది కింద వేడి పలక. దీన్ని ఎప్పుడూ ఆపకు. పామంటే మనలాగా కాదు, దాని ఒంట్లో సొంత వేడి ఉండదు. ఈ గిన్నెలో నీళ్లు రోజూ మార్చు. అడుగున కొబ్బరిపీచు పొడి ఉంది కదా, అది తడిసి ముద్ద కాకూడదు. శుక్రవారం శుక్రవారం ఒక ఎలుక. చిన్న ఫ్రిజ్‌లో గడ్డకట్టి ఉన్నాయి. వేడినీళ్లలో పెట్టి, మెత్తబడ్డాక పటకారుతో అందించు. తిన్నాక రెండు రోజులు ముట్టుకోకు."

"తినకపోతేనో తల్లీ?"

"తినకపోతే తీసి పారెయ్. నాకు చెప్పు. అంతే."

"అలాగే," అంది లోవమ్మ.

ఆ "అలాగే" తర్వాత చాలా రోజులు ఆవిడ చెవుల్లో మోగుతూనే ఉంది.

వాళ్లు వెళ్లిన తర్వాత వచ్చిన మొదటి శుక్రవారమే నాగుల చవితి.

లోవమ్మ కూతురు సత్యశ్రీ తునిలో ఉంటుంది. పెళ్లయి తొమ్మిదేళ్లు, పిల్లల్లేరు. ఆ పిల్ల కోసం ప్రతి చవితికీ లోవమ్మ విల్లా తోటలో ఒక పూలకుండీలో మట్టి కుప్పగా పోసి, దాన్నే పుట్ట అనుకుని పాలు పోసేది. తోటలో తిరిగే పిల్లులు మధ్యాహ్నానికల్లా వచ్చి ఆ మట్టిని నాకి పోయేవి. ఈ దేశంలో నా మొర నాగన్నకి ఎలా చేరుతుంది అని లోపల బాధపడేది.

ఇప్పుడు ఇంట్లోనే ఉన్నాడు నాగన్న.

పొద్దున్నే తలస్నానం చేసి చిన్న ఫ్రిజ్ తెరిచింది. సంచిలోంచి ఎలుకను తీసింది. తెల్లగా, పిడికెడంత ఉంది, నాలుగు కాళ్లూ ముడుచుకుని. ఆ ఇంట్లో కోళ్లనీ చేపల్నీ ఎన్నిటిని కోసిందో లెక్కలేదు. ఈ ఎలుకను మాత్రం గట్టు మీద పెట్టేసింది. చవితి పూట, ఉపవాసం ఉన్న చేత్తో, చచ్చిన ఎలుకనా నాగన్న నోటికి అందించేది? అందులోనూ వినాయకుడి వాహనం. ఈ ఒక్క వారం పాలు పోద్దాం, వచ్చే వారం నుంచి హెస్సా చెప్పినట్టే చేద్దాం అనుకుంది. ఎలుకను పెరటి గోడ అవతల పడేసింది. పిల్లి ఎత్తుకుపోయింది.

ఇంట్లో మిగిలిన సారు శుక్రవారం ప్రార్థనకి వెళ్లి, అట్నుంచి అటే అన్నగారింట్లో భోజనానికి వెళతారు. ఆయన కారు గేటు దాటగానే లోవమ్మ ఫోన్ చేసింది. రెండు వీధుల అవతల విల్లాలో పనిచేసే సాయికుమారి, ఆవిడతోపాటు రమ, పాల ప్యాకెట్లు చెంగుల్లో దాచుకుని వచ్చారు. ముగ్గురిదీ ఒకే తాలూకా.

"అక్కా, బుసకొడతాదేటే?" అని గుమ్మంలోనే ఆగిపోయింది రమ.

"నువ్వు కొడతన్నావు బుస, అది కాదు. రాయే లోపలికి," అంది సాయికుమారి.

లోవమ్మ పెట్టె పై మూత తీసి, గిన్నెలో నీళ్లు పారబోసి పాలు పోసింది. చిమ్మిలి, చలిమిడి చిన్న విస్తరిలో పెట్టి పెట్టెలోకి దించింది. పసుపు చల్లింది. ముగ్గురూ తలా ఒక గ్లాసు పాలు పాము మీదుగా ధారగా పోశారు. సుకర్ ఒక్కసారి కదిలి, గబగబా ఉండ చుట్టుకుపోయింది. తలకాయ ఆ చుట్టల మధ్యకి దూర్చేసుకుంది.

"సూడవే, సుట్టలు సుట్టుకుని కూకుంది. దీవిత్తందే అక్కా!" అంది సాయికుమారి. కళ్లనీళ్లు పెట్టుకుంది.

"సత్యకి ఈసారి కడుపు పండుద్ది. రాసి పెట్టుకో," అంది రమ.

పెట్టె అడుగున పాలతో తడిసిన కొబ్బరిపీచు పొడినే పుట్టమన్నులాగా చెవులకి రాసుకున్నారు. సాయంత్రం చీకటి పడేవేళ సుకర్ తల బయటికి తీసి, గిన్నె దగ్గరికి పాకి, మూతి ముంచి తాగింది. లోవమ్మ ఒళ్లు పులకరించింది. ఫోన్లో వీడియో తీసి సత్యశ్రీకి పంపింది. సత్యశ్రీ ఊరంతా చూపించింది.

అప్పుడే హెస్సా ఫోన్ చేసింది. "ఖాలా, సుకర్ తిన్నదా?"

"తిన్నది తల్లీ," అంది లోవమ్మ.

అబద్ధమని ఆ క్షణాన ఆవిడకి అనిపించలేదు. తాగింది కదా, అదీ తిండే కదా అని సర్దిచెప్పుకుంది. కానీ హెస్సా "శభాష్ ఖాలా! నా దగ్గర ఒకసారి వద్దంది, నీ చేత్తో తిన్నదన్నమాట!" అని సంబరపడింది. లోవమ్మకి ఇక వెనక్కి తీసుకునే దారి లేదనిపించింది.

మర్నాడు పెట్టె కిందకి పాలు కారి వేడి పలక దగ్గర చిటచిటమంది. షాక్ కొడుతుందేమోనని లోవమ్మ ప్లగ్ పీకేసింది. ఆరాక పెడదామనుకుంది. కొబ్బరిపీచు ఆరలేదు, పులిసిన వాసన వేసింది. దాన్ని తీసి కొత్తది వేద్దామంటే పామును చేత్తో ఎత్తాలి. ఆ ధైర్యం లేదు. ఎవరినైనా పిలుద్దామంటే పాలు పోసిన సంగతి బయటపడుతుంది.

రెండో శుక్రవారం ఎలుకను మెత్తబెట్టి పటకారుతో అందించింది. సుకర్ తల తిప్పుకుంది. చెబితే హెస్సా, "మొన్న తిన్నది ఇవాళ ఎందుకు తినలేదు?" అంటుంది. ఎలుక గోడ అవతలికి వెళ్లింది. "తిన్నది తల్లీ." మూడో శుక్రవారం సుకర్ ఎలుక వంక చూడనైనా లేదు. "తిన్నది తల్లీ." ఆ పిల్లి ఇప్పుడు శుక్రవారం వచ్చేసరికి గోడెక్కి కూర్చుని లోవమ్మ కోసం ఎదురుచూడడం మొదలుపెట్టింది. దాని మొహం చూడడానికి కూడా ఆవిడకి సిగ్గేసేది.

తల్లీకూతుళ్లు సోమవారం తిరిగొచ్చారు. హెస్సా బూట్లు కూడా విప్పకుండా పైకి పరుగెత్తింది. మరు నిమిషంలో "ఖాలా!" అన్న కేక వినబడింది. లోవమ్మ మెట్లెక్కింది.

సుకర్ మెడ పైకెత్తి, నోరు కొంచెం తెరిచి ఉంది. ఊపిరి పీల్చినప్పుడల్లా గురగురమంటోంది. ముక్కు దగ్గర నురగ బుడగలు. హెస్సా దాన్ని ఎత్తి తిప్పింది. పొట్ట కింద పొలుసులు ఎర్రగా కమిలి ఉన్నాయి.

"పలక ఎందుకు చల్లగా ఉంది?"

"ప్లగ్ ఊడిపోయిందేమో తల్లీ. నిన్నటిదాకా బాగానే ఉంది," అంది లోవమ్మ. అది నాలుగో అబద్ధం.

జంతువుల ఆసుపత్రికి వెళుతూ హెస్సా కారు నడిపింది, పాము ఉన్న గుడ్డసంచిని లోవమ్మ ఒళ్లో పెట్టుకుంది. సంచిలోంచి ఆ గురగురలు ఆవిడ తొడలకి తెలుస్తున్నాయి. జీవితంలో మొదటిసారి పామును ఒళ్లో పెట్టుకుంది, భయం మాత్రం పాము గురించి కాదు.

డాక్టరమ్మ మలయాళీ. హెస్సాకీ హిందీ వచ్చు కాబట్టి అందులోనే మాట్లాడింది, లోవమ్మకి అంతా అర్థమైంది.

"ఎప్పుడు తిన్నది?"

"మూడు వారాలుగా ప్రతి శుక్రవారం," అంది హెస్సా. "చివరిది మొన్న. ఈవిడే పెట్టింది. ఈవిడ చాలా జాగ్రత్త."

డాక్టరమ్మ పొట్టంతా వేళ్లతో తడిమింది. "రెట్ట వేసిందా?"

హెస్సా లోవమ్మ వంక చూసింది. లోవమ్మ అడ్డంగా తల ఊపింది.

"మూడు తిని ఒక్కసారి కూడా వెయ్యలేదంటే లోపల అడ్డం పడి ఉండాలి. ఒళ్లు చల్లబడితే తిన్నది అరగదు, కడుపులో కుళ్లుతుంది. ఊపిరితిత్తుల సంగతి సరే, ముందు దీన్ని చూడాలి. మత్తు ఇవ్వాల్సి వస్తుంది. ఈ ఊపిరితో మత్తు తట్టుకుంటుందని నేను మాట ఇవ్వలేను."

హెస్సా పెదవి కొరుక్కుంది. కళ్లు నిండాయి. "చెయ్యండి," అంది.

లోవమ్మ గోడకి ఆనుకుని ఉంది. ఇప్పుడు నోరు మూసుకుంటే ఎవరికీ ఎప్పటికీ తెలియదు. చచ్చిపోతే తప్పు మత్తు మీదకి పోతుంది. ఈ ఆలోచన తన బుర్రలోకే వచ్చినందుకు ఆవిడకి తన మీద తనకే రోత పుట్టింది.

"మేడమ్, మత్తు వద్దు," అంది. "దాని కడుపులో ఏమీ లేదు. ఒక్క ఎలుకా తినలేదు. నేను అబద్ధం చెప్పాను."

ఆగితే మళ్లీ నోరు రాదని లోవమ్మ ఆపకుండా చెప్పుకుపోయింది. చవితి, పాలు, పసుపు, చిమ్మిలి, పీకేసిన ప్లగ్, గోడ అవతలి పిల్లి. చెప్పేకొద్దీ అవన్నీ ఆ తెల్లటి గదిలో చిన్నగా, మురికిగా వినిపించాయి.

"పాలు తాగింది మేడమ్, నా కళ్లతో చూశాను," అంది చివర, అదొక్కటే తన తరఫున మిగిలినట్టు.

"నీళ్లు తీసేశావు కదా అమ్మా," అంది డాక్టరమ్మ మెల్లగా. "దాహంతో ఉన్నది ఏది ఉంటే అది తాగుతుంది. పాలు దానికి అరగవు."

"దీవించింది... చుట్టలు చుట్టుకుంది..."

"భయపడితే ఈ జాతి అలాగే ఉండ చుట్టుకుంటుంది. తల లోపల దాచుకుంటుంది."

లోవమ్మకి ఆ శుక్రవారం కళ్లముందుకొచ్చింది. భయంతో తల దాచుకున్న దాని మీద ముగ్గురూ నవ్వుతూ పాలు పోసి, దణ్ణాలు పెట్టారు. అది పాలు తాగిన వీడియో తునిలో ఇంకా తిరుగుతోంది.

డాక్టరమ్మ సూది మందు సిద్ధం చేస్తూ హెస్సాతో అంది: "తినకపోవడం పెద్ద విషయమే కాదు. కొత్త చోటికి వచ్చిన పాము నెల రోజులు తినకపోయినా ఏమీ కాదు. తడి, చలి, అవే దీన్ని ఇలా చేశాయి. తినలేదని మొదటి రోజే మీకు చెప్పి ఉంటే సరిపోయేది."

తిరుగు ప్రయాణంలో సిగ్నల్ దగ్గర కారు ఆగాక హెస్సా రోడ్డు వంకే చూస్తూ అంది: "పాలు పోసినందుకు కాదు ఖాలా. నీకు తెలియదు, పోశావు. నేను అడిగినప్పుడల్లా..." ఆగింది. "అమ్మకి చెప్పను."

అమ్మకి చెప్పేసి, తిట్టించి, ఊరికి పంపేసినా బాగుండేదనిపించింది లోవమ్మకి.

రెండు వారాలు హెస్సా కాలేజీకి పోయే ముందు ఒకసారి, వచ్చాక ఒకసారి తనే అన్నీ చేసుకుంది. నీళ్లు మార్చింది, మందు వేసింది, వేడి పలక తడిమి చూసింది. పైకి వచ్చిన లోవమ్మని ఏమీ అనేది కాదు. ఏమీ అడిగేది కూడా కాదు. ఖాలా అనే పిలుపు టీకి, ఇస్త్రీకి మాత్రమే మిగిలింది.

సుకర్ కళ్లు ఒకరోజు పొగ కమ్మినట్టు తెల్లబడ్డాయి. దాని కళ్లు పోయాయనుకుంది లోవమ్మ. అడగడానికి మొహం చెల్లక గుమ్మం దగ్గరే నిలబడింది. హెస్సా వెనక్కి తిరగకుండానే, "కుబుసం విడవబోతోంది. మంచిదే," అంది.

మార్గశిరంలో సుబ్రహ్మణ్య షష్ఠి నాడు పొద్దున వెనక గేటు దగ్గర సాయికుమారి నిలబడింది. చేతిలో పాల ప్యాకెట్. పక్కన ఎవరో కొత్తావిడ. సల్మాబాద్ నుంచి, మొగుడు పనిచేసే కంపెనీ బస్సు ఎక్కి వచ్చిందట.

"అక్కా, ఈవిడికీ పిల్లల్లేరే. నీ వీడియో సూసిన కాణ్ణించి నిద్రపోనివ్వట్లేదు నన్ను. సారు ఎల్లారా?"

లోవమ్మ గేటు సగమే తెరిచి అడ్డంగా నిలబడింది. హెస్సా వంటింట్లో కాఫీ కలుపుకుంటోంది, కిటికీ తెరిచే ఉంది. ఏదో సాకు చెప్పి పంపేయొచ్చు. సారు ఉన్నారనొచ్చు.

"అది పాలు తాగదు సాయీ," అంది.

"తాగిందిగా! వీడియోలో నా కళ్లారా..."

"దాహమేసి తాగింది. నీళ్లు నేనే తీసేశాను. మనం పోసిన పాలకి దానికి రొప్పు పట్టి చావుదాకా పోయింది. నేను హెస్సాకి వారం వారం అబద్ధాలు చెప్పాను, తిన్నదీ తిన్నదీ అని."

సాయికుమారి మొహం ఎర్రబడింది. "ఏటక్కా, కొత్త మనిషి ముందర ఆ మాటలు! సత్యశ్రీకి తెలిత్తే ఏమనుకుంటాది?"

"నిన్ననే చెప్పాను. ఏడిచింది. ఆ వీడియో తీసేయమన్నాను."

సల్మాబాద్ ఆవిడ చెంగు వేలికి చుట్టుకుంటూ నిలబడింది. ఆవిడ కళ్లలోకి చూడడం లోవమ్మకి అన్నిటికన్నా కష్టమైంది. "ఆ కుండీలో మట్టి ఉంది తల్లీ," అంది మెల్లగా. "కావాలంటే అందులో పోసుకో. ఎవరికీ హాని లేదు."

వాళ్లు కుండీ దగ్గర దణ్ణం పెట్టుకుని వెళ్లిపోయాక లోవమ్మ లోపలికి వచ్చింది. హెస్సా కప్పు పట్టుకుని ఆవిడ వంకే చూస్తోంది. తెలుగు ఆ పిల్లకి రాదు. కానీ తన పేరు వినబడింది. పదకొండేళ్లుగా వింటున్న గొంతు ఏం చెప్పిందో కొంత తెలిసినట్టే ఉంది.

మధ్యాహ్నం కాలేజీ నుంచి హెస్సా ఫోన్ చేసింది.

"ఖాలా, సుకర్ నీళ్లు తాగినట్టుందా?"

అవునన్న మాట లోవమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. పొద్దున గిన్నె నిండుగా ఉంది, ఆ తర్వాత నీళ్లు తగ్గాయో లేదో తను చూడలేదు.

"ఉండు తల్లీ," అంది. "చూసి చెబుతాను."

ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని మెట్లెక్కింది.