నా డాబ మీది ఎండ

నా నోరు మంచిది కాదని మా మట్టెవాడల అందరికి ఎరుకే. మా ఆయన చంద్రమౌళి పొద్దంత స్టీలు సామాన్ల దుకాణంల ఉంటడు, ఇంట్ల పెత్తనమంత నాదే. అసుంటి ఈ పద్మలత, అంటె నేనే, ఈ ఎండకాలం ఒక ముసలామె ముందట నోరు పెగలక నిలబడ్డది. యాది చేసుకుంటె తలకాయ ఎక్కడ పెట్టుకోవాల్నో తెలుస్తలేదు.

టీవీల బొగ్గు పొగ సంగతి చూసి చూసి, మనం సుత డాబ మీద ఎండ కరెంటు పలకలు పెట్టిచ్చుకుందాం అని నేనే పట్టు పట్టిన. "ఎందుకే, ఉన్న కరెంటు మంచిగనే వస్తాంది గదా" అన్నడు మా ఆయన. "నీకేం తెలుసు? రేపు పుట్టే పిల్లలు ఏం గాలి పీల్చాలె?" అని గదమాయించిన. ఇంత వరకు తప్పేం లేదు. కంపెనీలోళ్ళు ముగ్గురు వచ్చి చూసిపోయిండ్రు. నేను హన్మకొండ కంపెనీని ఖాయం చేసిన. ఎందుకంటె వాళ్ళ యాప్‌ల, మన కరెంటుతోని ఎన్ని చెట్లు బతికినయో లెక్క వస్తది. అది నలుగురికి చూపియ్యాలని నాకు ఒకటే ఉబలాటం. ఉన్నమాట చెప్తాన, దాపెందుకు?

మా ఇంటెనుక రేకుల ఇంట్ల సమ్మమ్మవ్వ ఉంటది. ఒక్కతే మనిషి. గుమ్మడి వడియాలు, సగ్గుబియ్యం వడియాలు, చల్ల మిరపకాయలు చేసి అమ్ముతది. ఎండకాలం చేసుకున్నదే ఆమెకు ఏడాదంత బువ్వ. వాకిలి లేదు, రేకుల మీద ఎక్కరాదు. గందుకే నేను కాపురానికి వచ్చినప్పటి నుంచి మా డాబ మీదనే ఎండబెడ్తది. ఎనుక గేటు తీసుకొని తక్కున పైకెక్కుతది. "ఇంక లెవ్వలేదా బిడ్డా, ఎండ నెత్తి మీదికొచ్చె" అని నన్నే కసురుతది. మొదటి వాయి మా ఇంట్ల పెట్టినంకనే అమ్మకానికి తీస్తది.

కంపెనీ పిల్లగాడు వినయ్ టేపు పట్టుకొని కొలువ వచ్చిండు. నల్లద్దాలు, మెడల ఐడీ కార్డు, మాటకు ముందు ఇంగ్లీషు మాట. "మేడం, టెర్రస్ మీద ఏమన్న యూజ్ ఉంటదా? ఎండబెట్టుకునుడు గిట్ల?" అని అడిగిండు.

మూలకు సమ్మమ్మవ్వ పాత చీర, దాని మీద పెట్టే రాళ్ళు కనవడుతనే ఉన్నయ్. ఆ పిల్లగాని ముందట వడియాల ఇల్లు అనిపిచ్చుకునుడు నాకు నామోషీ అయ్యింది.

"అబ్బే, ఈ రోజులల్ల ఎవ్వలు ఎండబెడ్తరు? మేమన్ని ప్యాకెట్లే కొంటం" అన్న.

"గుడ్ మేడం, అయితే ఫుల్ కవర్ చేద్దాం" అన్నడు. గుడ్ అన్నందుకు నాకు సంబురమైంది కూడ. థూ, నా బతుకు!

ఆరు పలకలు పెట్టిండ్రు, అడుగు తీసి అడుగు పెట్ట సందు లేదు. కొబ్బరికాయ కొట్టి, నిమ్మకాయ మిరపకాయలు కట్టి, వాడల ఆడోళ్ళందరిని పిలిచిన. ఫోన్ల చెట్ల నంబర్ చూపెట్టి, గాలి గురించి గంట కొట్టినట్టు మాట్లాడిన. సమ్మమ్మవ్వ మెట్ల కాడనే నిలబడి డాబంత ఒక్కసారి కలెజూసింది. "మంచిగున్నయ్ బిడ్డా" అని దిగిపోయింది. ఎక్కడనో ఒక్క దగ్గర ఎండబెట్టుకుంటది తీయ్ అనుకున్న.

కొన్ని దినాలకు ఎప్పటి లెక్కనే మొదటి వాయి వడియాలు ఇంటికొచ్చినయ్. వేంచి పెట్టిన. మా ఆయన ఒకటి కొరికి ఆగిపోయిండు.

"ఏందే ఇది, పండ్ల కింద ఇసుక తగుల్తాంది?"

నాకు కోపం నషాళానికెక్కింది. ఇంత మంచిగ చూసుకుంటె ఇసుక వడియాలు పంపుతదా అని, ఆ గిన్నె పట్టుకొనే కడిగిపారేద్దామని పోయిన.

ఇంట్ల లేదు. ఆటోలు తిరిగే రోడ్డు అంచుకు, మురికి మోరీ పక్క, మా డాబ మీది ఆ పాత చీరనే పరిచి కూసున్నది. చేతిల కట్టె. ఒకదిక్కు మేకను అదిలిస్తాంది, ఇంకోదిక్కు ఆటో పోయినప్పుడల్ల కొంగుతోని వడియాల మీది దుమ్ము దులుపుతాంది. పక్కన సంచి నిండ వడియాలు.

"పెండ్లోళ్ళు వాపస్ ఇచ్చిండ్రు బిడ్డా, ఇసుకున్నదని" అన్నది. నా చేతిల గిన్నె చూసి, "మీకు సుత తగిలిందా? ఏరే పంపిన, అయినా ఉన్నట్టుంది" అని తనే చిన్నబోయింది.

అరే, అప్పుడన్న నిజం చెప్తె ఏం పోయేది? నా పాడు నోరు ఊకుండలె. "నేనేం చేద్దునవ్వా! ఆ కంపెనోళ్ళు నన్ను అడగకనే డాబంత నింపి పోయిండ్రు. నీకు జర జాగ ఇడువుండ్రి అని చెప్పిన గూడ" అన్న.

ఆమె కట్టె కింద పెట్టింది. కోపం లేదు, నిష్ఠూరం లేదు.

"ఆనాడు నేను నీళ్ళ ట్యాంకు ఎనుకనే ఉన్న బిడ్డా. మిరపకాయలు ఎత్తుకుంటాన. ఆ పిల్లడు అడిగిండు."

అంతే అన్నది. ఆటో ఒకటి పోయింది. ఆమె మళ్ళ కొంగు పట్టుకొని దుమ్ము దులుపుడు సురువు చేసింది. నేను ఆ గిన్నె పట్టుకొని ఇంటికొచ్చిన. ఆ రోడ్డు మీద అందరు నన్నే చూస్తాన్రనిపిచ్చింది. ఎవ్వలు చూడలె, నాకే గట్లనిపిచ్చింది. యాప్ తెరిస్తె చెట్ల నంబర్ పెరిగి ఉన్నది. ఫోన్ బోర్లేసిన.

తెల్లారి వినయ్‌ని పిలిపిచ్చిన. రెండు పలకలు తీయమన్న. వాడు పైకి కిందికి చూసి, "మెట్ల గది మీదికి మార్చొచ్చు మేడం, కరెంటేం తగ్గది. అడిగిన్నాడే ఒక్క మాట చెప్తె అప్పుడే అక్కడ పెట్టేటోళ్ళం గదా" అన్నడు.

ఒక్క మాటనే.

జాగ ఖాళీ అయినంక నేనే ఊడ్చిన, నేనే కడిగిన. రోడ్డు మీదికి పోయి, "అబద్ధమాడిన అవ్వా. రెండుసార్లు ఆడిన. రేపటి నుంచి పైకి రా" అని చెప్పిన. ఆమె సరే అన్నట్టు తలూపింది.

తెల్లారి పొద్దుగాల నేను ముందే లేసి ఎనుకదిక్కు కూసున్న, ఆమె వచ్చి కసురుతదని. వచ్చింది, నెత్తి మీద పిండి గిన్నె పెట్టుకొని. గేటు దగ్గరికేసే ఉన్నది, గొళ్ళెం కూడ పెట్టలె. అయినా తీయలె. బయటనే నిలబడి పిలిచింది.

"పద్మలతమ్మా, పైకి పోవచ్చునా?"

ఇన్నేండ్లల్ల ఆమె నన్ను బిడ్డా అనుడు తప్ప పేరు పెట్టి పిలువలె. ఎన్నడు అడిగి ఎక్కలె. లేసి గేటు మొత్తం తెరిచి, పక్కకు జరిగి నిలబడ్డ.