ఒంటికన్ను రాణికి మార్కులు

తడి తువ్వాలు కుర్చీ మీద ఎవరు వేశారన్న దగ్గర మొదలైంది ఆ ఉదయం గొడవ.

"నేనే వేశాను. కుర్చీ మీద కాకపోతే మీ నెత్తిన వెయ్యనా?" అంది కోడలు భర్తతో.

"ఆ కుర్చీ ఎక్కడుంది? బీరువా పక్కన. బీరువాలో ఏమున్నాయి? తేమ తగిలితే కాగితం ఉబ్బుతుందని ఎన్నిసార్లు చెప్పాలి నీకు?"

"తువ్వాలు బయట, పుస్తకాలు లోపల. మధ్యన ఇనప తలుపు. తేమ తాళం తీసుకుని మరీ వెళ్తుందా?"

భర్త చచ్చిన ఎలకని పట్టుకున్నట్టు తువ్వాలుని రెండు వేళ్ళతో పట్టుకుని పెరట్లోకి నడిచాడు. ఆయనది కళ్ళజోళ్ళ దుకాణం. రోజంతా జనం కళ్ళద్దాల మీద వేలిముద్రలు తుడిచే మనిషి కనక, తన వస్తువు మీద ఒక్క వేలిముద్ర పడినా ప్రాణం విలవిల్లాడిపోతుంది. బీరువాలో ఉన్నవి చిన్నప్పటి నుంచి పోగుచేసుకున్న కామిక్సు. సముద్రం అడుగున రాజ్యమేలే ఒంటికన్ను రాణి సాహసాలు, మొదటి సంచిక నుంచి చివరిదాకా ఒక్కటీ తప్పిపోకుండా ఉన్నాయి. ప్రతిదానికీ ప్లాస్టిక్ తొడుగు, వెనకాల దన్నుగా అట్టముక్క. ఆయన వాటిని చదవడు. అప్పుడప్పుడు తెల్ల గ్లవుజులు వేసుకుని బయటికి తీసి, మురిపెంగా చూసుకుని, మళ్ళీ లోపల పెట్టేస్తాడు.

చదివేది వేరేవాళ్ళు.

మధ్యాహ్నం ఆయన దుకాణానికి వెళ్ళాక, వంటిల్లు సర్దేశాక, కోడలు చప్పుడు కాకుండా బీరువా తాళం తీసేది. అత్తగారికి చూపు మందగించింది. కొడుకుది కళ్ళజోళ్ళ దుకాణమే అయినా, ముక్కు మీద బరువు మోయడం తన వల్ల కాదంటారావిడ. అక్షరాలు అలుక్కుపోతాయి గానీ బొమ్మలు కనిపిస్తాయి. అందుకని కోడలు గొంతు మార్చి మార్చి చదివేది. రాణికి గంభీరంగా, ఆక్టోపస్ మంత్రికి ముక్కుతో. పెళ్ళైన కొత్తలో ఒక గదిలో కూర్చుంటే ఈ ఇద్దరికీ మాట పెగిలేది కాదు. ఇప్పుడు ఆ గంట కోసం ఇద్దరూ పొద్దుట్నుంచీ కాచుక్కూచుంటున్నారు.

తువ్వాలు ఆరేసి వచ్చి ఆయన అసలు సంగతి చెప్పాడు. "ఆదివారం తమ్ముడొస్తున్నాడు. రాణిని మార్కులకి పంపిద్దామనుకుంటున్నాం."

మరిది పాత పుస్తకాల కొట్టులో పనిచేస్తాడు. ఈ సలహా వాడిదే అయ్యుంటుందని కోడలు అప్పుడే అనుకుంది.

"మార్కులేంటి?"

"ఒక కంపెనీ ఉంది. భూతద్దం కింద పెట్టి, మడతా మరకా వెతికి, పదికి ఇన్నని వేస్తారు. తరవాత గట్టి ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి సీలు వేసేస్తారు. వచ్చే నెల పుస్తకాల సంతకి ఆ బొమ్మలేసినాయనే వస్తున్నాడట. కంపెనీ మనిషి ఎదురుగా సంతకం పెట్టిస్తే ఇంకా గొప్ప."

"సీలు వేశాక చదవాలంటే?"

"చదవడమేంటి?" అన్నాడాయన, గడియారం తింటారా అని తనని ఎవరో అడిగినట్టు చూసి.

కోడలి గుండె జారింది. పక్కనే కూర్చున్న అత్తగారి గుండె ఇంకో మెట్టు కిందకి జారింది. దానికి వేరే కారణం ఉంది.

ఆవిడ రిటైరైన డ్రాయింగు టీచరు. బొమ్మ కంటపడితే మార్కులు వెయ్యకుండా చెయ్యి ఊరుకోదు. ఒకరోజు కోడలు మంచినీళ్ళు తాగి వచ్చేసరికి, మొదటి సంచిక చివరి పేజీ అంచున ఎర్ర పెన్సిలుతో పెద్ద పెద్ద అక్షరాలు. "పదికి నాలుగు. పాదాలు గీయడం రాదు. అందుకే అందర్నీ నీళ్ళలో ముంచాడు." కింద సంతకం. కోడలు కెవ్వుమంది. తరవాత నవ్వింది. ఆ తరవాత, అక్కడే దెబ్బతింది, రెండో సంచిక చేతికిచ్చి "మరి దీనికెన్నండీ?" అని అడిగింది. అలా ఒక్కొక్కటిగా అన్నిటికీ మార్కులు పడ్డాయి.

కంపెనీ కబురు విన్న ఆ మధ్యాహ్నం వాళ్ళు చదవలేదు. రబ్బరు పట్టుకుని కూర్చున్నారు. మూడో సంచిక మీద అత్తగారు ఓపిగ్గా రుద్దారు. ఎరుపు కొంచెమే పోయింది గానీ, పక్కనున్న రాణి మోచెయ్యి మాత్రం సగం పోయింది.

"ఇంక ముట్టుకోకండి అత్తయ్యా, మీకు దణ్ణం పెడతాను."

"చెయ్యి ఇప్పుడే నయం. అరమార్కు కలపచ్చు," అన్నారు అత్తగారు.

ఆదివారం మరిది భూతద్దం జేబులో వేసుకుని దిగాడు. భర్త పక్కగదిలో ఎవరితోనో ఫోనులో ఫ్రేముల గురించి మాట్లాడుతున్నాడు. మరిది మొదటి సంచిక తొడుగులోంచి తీసి, ఒక్కో పేజీ తిప్పి, చివర్న ఆగిపోయాడు.

"వదినా, ఈ చేతిరాత నాకు తెలుసు. అయిదో క్లాసులో నా ఏనుగుకి రెండు మార్కులేసిన చెయ్యి ఇది."

"అది ఏనుగా? తొండం వెనకుంది," అన్నారు అత్తగారు.

"మెల్లిగా అత్తయ్యా! నువ్వూ గట్టిగా అనకు బాబూ. మీ అన్నయ్య వింటారు."

"వినకపోతే మాత్రం? పంపిస్తే కంపెనీవాళ్ళు ఇంతకన్నా తక్కువ వేస్తారు. పైగా కింద సంతకమొకటి! వాళ్ళ మనిషి ముందు పెట్టని సంతకం వాళ్ళ లెక్కలో పిచ్చిగీతే."

"ఏమిట్రా?" అత్తగారు లేచి నిలబడ్డారు. బడి గంట వినపడేంత దూరం వినపడే గొంతు అది. "నా సంతకం పిచ్చిగీతా? నేను మార్కులు వేశానురా, సంతకం పెట్టానురా! ఎవడొస్తాడో రమ్మను!"

వచ్చింది పెద్ద కొడుకు, ఫోను చెవిదగ్గరే పెట్టుకుని.

మొదటి సంచిక చివరి పేజీ చూసేసిన ఆయన భోజనాల దగ్గర అన్నం కెలుకుతూ కూర్చున్నాడు. ఇక ఉండబట్టలేక కోడలే మొదలుపెట్టింది.

"కోపమొస్తే నా మీద రావాలి. తాళం తీసింది నేను. రెండోది అందించింది నేను. కానీ సీలు వేయిస్తే మా ఇద్దరికీ మధ్యాహ్నాలు మిగలవు. అది కూడా మీరు తెలుసుకోవాలి."

ఆయన తల్లి వంక తిరిగాడు. "మొదటి సంచికకి నాలుగేనా అమ్మా?"

"నాలుగు ఎక్కువ."

"ఏడోదానికి?"

"ఎనిమిది. తుఫాను బాగా వేశాడు."

"ఏడోదానికి ఎనిమిదేసి మొదటిదానికి నాలుగా! పాదాలు లేవంటావా? ఉన్నాయి!" ఆయన లేచి వెళ్ళి మొదటి సంచిక తెచ్చాడు. గ్లవుజులు లేవు, తొడుగు లేదు. కంచం పక్కకి నెట్టి బరబరా పేజీలు తిప్పి, ఒకచోట వేలు పెట్టాడు. "ఇదిగో పాదం!"

నలుగురూ వంగి చూశారు.

"అది చేప, అన్నయ్యా," అన్నాడు మరిది.

ఆయన చాలాసేపు చూశాడు. తరవాత పై బొమ్మ చూశాడు, దాని కింద మాటలు చదివాడు, పేజీ తిప్పి అదీ చదివాడు. కోడలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని కూర్చుంది.

చివరికి ఆయన పుస్తకం మూసి, దుకాణంలో కళ్ళద్దాల నంబరు తేల్చి చెప్పే గొంతుతో అన్నాడు. "కంపెనీకి ఏదీ పంపడం లేదు. సంతకి మాత్రం అందరం వెళ్తున్నాం. మొదటిదాని మీద ఆ బొమ్మలేసినాయన చేత అమ్మ సంతకం కిందే సంతకం పెట్టిస్తాను, తన మార్కులు తనే చూసుకున్నట్టు ఉంటుంది. మిగతావి ఇంట్లోనే ఉంటాయి, మీరు చదువుకోండి. ఒక్కటే షరతు. ఆదివారం మాత్రం నేను వచ్చి కూర్చునేదాకా మొదలుపెట్టకూడదు."