మొదటి ఆదివారం క్షమాపణ

"కాలరు అణగలేదు, ఇంకోసారి రుద్దు," అన్నారు మా ఆయన. గుక్క కూడా తిప్పుకోకుండా, "నా వల్ల నీకేమైనా బాధ కలిగి ఉంటే క్షమించు," అన్నారు.

కాలరు రుద్దాను. మామూలుగా అయితే ఈపాటికి "సరే" అనేసేదాన్ని. ప్రతినెలా మొదటి ఆదివారం పొద్దున మా ఇంట్లో జరిగేదే ఇది. ఆ రోజు చర్చిలో బల్ల ఉంటుంది, రొట్టె, ద్రాక్షరసం తీసుకునే రోజు. ఒకరి మీద ఒకరికి మనసులో ఏదైనా ఉంటే అది తేలేదాకా రొట్టె ముట్టుకోకూడదని మా సంఘంలో కట్టడి. పాస్టరుగారు ఆ మాట చెప్పి కళ్ళు మూసుకుని కాసేపు ఆగుతారు కూడా. అందుకని మా ఆయన గడ్డం గీసుకుంటూనో, సాక్సు వెతుక్కుంటూనో క్షమాపణ అడిగేస్తారు. దేనికో చెప్పరు. తడి తువ్వాలు దండెం మీద పడేసినట్టు ఆ మాట నా మీద పడేసి బూట్లు తొడుక్కుంటారు.

పెళ్ళయిన కొత్తలో ఆ మాటకి నిజంగానే కళ్ళలో నీళ్ళు తిరిగేవి నాకు. మొగుడై ఉండి నోరు తెరిచి క్షమించమంటున్నాడు, ఇంతకన్నా మంచి మనసుంటుందా అనుకునేదాన్ని. మా అత్తగారూ అదే అనేది. "మీ మామయ్య ముప్ఫై ఏళ్ళలో ఒక్కసారి ఆ మాట అన్న పాపాన పోలేదే, నువ్వు పెట్టి పుట్టావు." తర్వాత మెల్లగా అర్థమైంది, అది నాకోసం అడిగేది కాదు, రొట్టె కోసం అడిగేది అని. పద్దెనిమిది నిండీ నిండకుండానే, ఇంటర్ పరీక్షలు రెండు నెలలుండగా నన్ను కాలేజీ మాన్పించి పెళ్ళి చేశారు. "పరీక్షలదేముంది, పెళ్ళయ్యాక నేనే రాయిస్తాను," అన్నారు ఈయన మా నాన్నతో. పరీక్ష రోజున ఇంట్లో ప్రార్థన కూటం పెట్టారు. ఆ రోజు నేను రాయాల్సిన చేత్తో నలభై కప్పులు కడిగాను. ఆ నెల కూడా క్షమించమన్నారు, నేను సరే అన్నాను. అప్పట్నుంచి నలుగురిలో నా పేరు "సగం చదువు". "మా సగం చదువుని అడగండి, టీ మాత్రం ఫుల్లుగా ఇస్తుంది," అంటారు. అందరూ నవ్వుతారు. ఆయన ఫర్నిచర్ షాపులో సోఫాలు అమ్ముతారు. కూర్చోబెట్టడం, నవ్వించడం, ఒప్పించడం ఆయనకి ఉగ్గుపాలతో వచ్చిన విద్య.

"వినపడిందా?" అన్నారు.

"వినపడింది."

"మరి?"

"చొక్కా తొడుక్కోండి, చల్లారితే మళ్ళీ ముడతలు పడుతుంది."

ఆయన నా వంక అనుమానంగా చూశారు. నేను పాప వంక చూశాను. పద్నాలుగు నెలల పిల్ల, చాప మీద చెంచా కొరుక్కుంటూ కూర్చుంది. చేయి వెనక్కి తిప్పి నుదురు ముట్టుకున్నాను. వెచ్చగా ఉంది. ఇస్త్రీ పెట్టె పట్టుకున్న చెయ్యి కదా, వేడి పాపదో నాదో తెలియలేదు. ఇంకో చేత్తో చూశాను. అదీ నమ్మకం కుదర్లేదు. మూడు వారాలుగా నా బతుకంతా ఆ నుదుటి మీదే ఉంది.

మూడు వారాల కిందట మంగళవారం మధ్యాహ్నం పాపకి జ్వరం ఎక్కి ఫిట్స్ వచ్చాయి. కళ్ళు పైకి తేలేసింది, ఒళ్ళు కర్రలా బిగుసుకుపోయింది. షాపుకి ఫోన్ చేస్తే ఈయన, "కస్టమరున్నాడే, ఫ్యామిలీతో వచ్చాడు. ప్రార్థన చేస్తూ ఉండు, గంటలో వస్తా," అన్నారు. నేను ప్రార్థన చేశాను. చేస్తూనే పరిగెత్తాను, చెప్పులు కూడా లేకుండా, మూడు వీధులు. డాక్టరమ్మ పాపని పక్కకి తిప్పి పడుకోబెట్టి ఏదో మందు వేసింది. పాప ఏడ్చింది. ఆ ఏడుపంత మంచి పాట నేను ఇంతవరకూ ఏ చర్చిలోనూ వినలేదు. "జ్వరం తగిలితే మళ్ళీ రావచ్చమ్మా," అని సీసా ఇచ్చి, చీటీ రాసింది. "ఒళ్ళు వెచ్చబడగానే ఇది పట్టు, ఎక్కేదాకా ఆగకు. ఈ సీసా ఇంట్లో లేకుండా ఒక్క రోజు కూడా ఉండకు. చీటీ జాగ్రత్త, అది లేకుండా ఈ మందు ఎవరూ ఇవ్వరు." ఈయన సాయంత్రం వచ్చేసరికి పాప పాలు తాగుతోంది. "చూశావా, చెప్పానా," అన్నారు. ఏం చెప్పారో నాకు గుర్తు రాలేదు.

మొన్న శుక్రవారం సాయంత్రం మా ఇంట్లో కూటం. ఈయన లేచి, దేవుడు చేసిన మేలంటూ సాక్ష్యం చెప్పారు. పాప ఊపిరి ఆగిపోయిందట, ఈయన మోకాళ్ళ మీద పడ్డారట, లేచేలోపే పాప కళ్ళు తెరిచి "నాన్నా" అందట. పాపకి ఇంకా ఆ మాటే రాదు. నేను వంటగది గుమ్మంలో టీ పళ్ళెం పట్టుకుని నిలబడి ఉన్నాను. "నా భార్యకి విశ్వాసం తక్కువ, మందులకి పరిగెత్తింది. తప్పు ఆమెది కాదు, సగం చదువు," అన్నారు. అందరూ నవ్వారు. ఆ నవ్వు చల్లారకముందే అలమరలోంచి సీసా తీసి, నా పక్కనుంచే వంటగదిలోకి వెళ్ళి, అందరికీ కనపడేలా సింకులో వంపేశారు. "ఈ ఇంటికి వైద్యుడు ఒక్కడే!" అందరూ ఇల్లు దద్దరిల్లేలా స్తోత్రం చెప్పారు. గులాబీ రంగు మందు గిన్నెల మీదుగా జారిపోయింది. నా చేతిలో పన్నెండు కప్పులున్నాయి. ఒక్కటి కూడా కింద పడెయ్యలేదు నేను. అదే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండిస్తుంది.

అందరూ వెళ్ళాక చీటీ అడిగాను.

"బైబిల్లో పెట్టాను. ఆదివారం చర్చిలో రుజువుగా చూపించాలి," అన్నారు. "బల్ల అయ్యేదాకా ఆగు. నాకు మొదటిసారి రొట్టె పళ్ళెం పట్టుకుని పంచే అవకాశం ఇస్తున్నారు. ఇప్పుడు నువ్వు మందు కొన్నావని తెలిస్తే నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

"జ్వరం ఆదివారం దాకా ఆగుతుందా అండీ?"

"ఆ నోటితో ఆ మాట రానివ్వకు."

నిన్న డాక్టరమ్మ దగ్గరికెళ్తే ఊరెళ్ళిందన్నారు, అట్నుంచి మందుల షాపుకి వెళ్ళాను. ఆ షాపాయన మా చర్చి మనిషే, శుక్రవారం అందరికన్నా గట్టిగా స్తోత్రం చెప్పింది ఆయనే. "అన్నయ్యగారు పారబోసిన మందు నేనెలా ఇస్తానమ్మా? చీటీ కూడా లేదు," అని నా కళ్ళలోకి చూడకుండా బల్ల తుడుచుకున్నాడు.

చర్చికి వెళ్తూ దారంతా మా అత్తగారు నాకు నూరిపోస్తూనే ఉంది. "ఏమే, సరే అనలేదట? వాడు పొద్దున్నుంచీ మనసు పాడుచేసుకున్నాడు. ఆ ఒక్క ముక్క అంటే నీ సొమ్మేం పోయింది? ఇవాళ వాడి చేతిలో పళ్ళెం ఉంటుంది, వాకిట్లో అపశకునంలా మొహం పెట్టకు." పాప నా భుజం మీద తల వాల్చేసింది. ఎప్పుడూ కుదురుగా ఉండని పిల్ల. మెడ దగ్గర నా చర్మానికి వేడి తగులుతోంది. ఇప్పుడు నా చేతిలో ఇస్త్రీ పెట్టె లేదు.

"చీటీ ఇవ్వండి," అన్నాను మెట్ల దగ్గర.

"ఆరాధన అయ్యాక," అన్నారు, పళ్ళు బయటపెట్టి ఎవరికో నమస్కారం పెడుతూ.

సాక్ష్యం మళ్ళీ చెప్పారు. శుక్రవారం కన్నా బాగా చెప్పారు, కొత్త మోడల్ వచ్చినట్టు. చీటీ పైకెత్తి చూపించారు. పాస్టరుగారు పెద్దాయన, తల ఊపుతూ విన్నారు. తర్వాత ఎప్పటిలాగే మనసులో ఏదైనా ఉంటే తేల్చుకోమని చెప్పి కళ్ళు మూసుకున్నారు. ప్రతినెలా ఆ నిమిషంలో నేను పాలు పొయ్యి మీద వదిలేశానేమో అని ఆలోచిస్తాను. ఇవాళ మాత్రం, ప్రభువా, అన్నాను, నేను అబద్ధం ఆడకుండా చూడు. అంతకుమించి ఏమీ అడగలేదు.

పళ్ళెం ఆడవాళ్ళ వరసల్లోకి వచ్చింది. ఆయన మెల్లగా, కొత్త పెళ్ళికొడుకులా వంగి వంగి అందిస్తున్నారు. నా ముందు ఆగారు. నేను రెండు చేతులూ పాప వీపు మీదే ఉంచాను.

"తీసుకో," అన్నారు పెదాలు కదపకుండా.

నేను తల అడ్డంగా ఊపాను.

"ఏంటీ వేషాలు? అందరూ చూస్తున్నారు."

"మీరు పొద్దున అడిగారు కదండీ. నేనింకా క్షమించలేదు." మామూలు గొంతుతోనే అన్నాను. వంటగదిలో ఉప్పు లేదని చెప్పే గొంతు అది. కానీ ఆ నిశ్శబ్దంలో గోడ దాకా వెళ్ళింది.

ఆయన నవ్వేసి పళ్ళెం నా పక్కనున్న దర్జీ పిన్ని ముందుకి జరిపారు. ఆవిడ జాకెట్లు కుట్టి కుట్టి వంగిపోయిన మనిషి, ఎవరి జోలికీ పోదు. చాచిన చెయ్యి వెనక్కి లాక్కుంది. "ముందు అది తేల్చుకో నాయనా," అంది. "నాకు భయం."

భయం నాకూ ఉంది. కానీ ఆ భయం కింద ఇంకొకటి ఉంది, తియ్యగా. పళ్ళెం పట్టుకుని ఎటూ కదల్లేక నిలబడ్డ ఆ మనిషిని చూస్తుంటే నా కడుపు చల్లబడింది. నలభై కప్పులు కడిగిన రోజు నుంచీ ఎండిపోయి ఉన్న కడుపు. ఇది పాపమైతే పాపమే, ఆ తీపిని మింగేశాను.

పాస్టరుగారు దిగి వచ్చారు. "ఏమైందమ్మా?"

"అయ్యగారూ, పాపకి ఫిట్స్ వచ్చినప్పుడు ఈయన మోకాళ్ళ మీద లేరు. సోఫా అమ్ముతున్నారు. నేను ఫోన్ చేస్తే కస్టమరున్నాడన్నారు." మగవాళ్ళ వైపు ఎవరో నవ్వి, దాన్ని దగ్గుగా మార్చుకున్నారు. "దేవుడు కాపాడలేదని నేననను. డాక్టరమ్మ చేత్తో కాపాడాడు. ఆ మందే ఈయన సింకులో పోశారు. చీటీ ఆయన బైబిల్లో ఉంది. పాపకి మళ్ళీ ఒళ్ళు కాలుతోంది. ఇంత మనసులో పెట్టుకుని నేనా రొట్టె ఎలా ముట్టుకోను?"

పెద్దాయన పాప నుదుటి మీద అరచెయ్యి పెట్టారు. ఆయన చొక్కాకి మైకు తగిలించి ఉంది. "కాలిపోతోంది," అన్నారు తనలో తాను, ఆ మాట నాలుగు స్పీకర్లలోంచీ వినపడింది. పళ్ళెం మా ఆయన చేతిలోంచి తీసుకున్నారు. "క్షమించేయ్ తల్లీ, వెళ్దువుగాని."

"దేనికి క్షమించాలో ఆయన్ని చెప్పమనండి అయ్యగారూ. మూడేళ్ళుగా దేనికో చెప్పకుండానే అడుగుతున్నారు."

అంత మాటకారి మా ఆయన, బల్ల వైపు చూశారు, గుమ్మం వైపు చూశారు. "ఆ రోజు... నేను ఇంట్లో లేను," అన్నారు.

"ఇంకా?" అన్నాను.

"మందు పోసేశాను."

"ఇంకా?"

"చీటీ... ఇవ్వలేదు."

"చాల్లేవే!" మా అత్తగారు వెనక వరసలోంచి లేచింది. "మగాడి పరువు బజారుకీడుస్తావా?"

"కూర్చోండి అత్తయ్యా, ఆరాధన జరుగుతోంది," అన్నాను. ఆవిడ కూర్చుండిపోయింది. ఆవిడ నా మాట వినడం అదే మొదలు.

అందరూ నా "సరే" కోసం ఎదురుచూస్తున్నారు. ఆయన కూడా. నేను చెయ్యి చాచాను. ఆయన రొట్టె పళ్ళెం వైపు చూశారు. "చీటీ," అన్నాను. వెళ్ళి తన బైబిల్లోంచి తీసి తెచ్చి ఇచ్చారు. నేను మందుల షాపాయన వైపు తిరిగాను. "అన్నయ్యా, తాళాలు తెచ్చారా?" ఆయన ఒక్క ఉదుటున లేచి నాకన్నా ముందు బయటికి నడిచాడు.

షాపులో స్టూలు మీద కూర్చుని కొలత మూతతో మందు పట్టాను. పాప సగం ఉమ్మేసింది. మళ్ళీ పట్టాను. తడి గుడ్డతో ఒళ్ళు తుడుస్తూ కూర్చున్నాను. రోడ్డు అవతల నుంచి పాట వినపడుతోంది, బల్ల అయిపోయినట్టుంది. ఈ నెల నాకు రొట్టె లేదు. షాపాయన గ్లాసుతో నీళ్ళు తెచ్చి నా ముందు పెట్టి, వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు. చాలాసేపటికి పాప నుదుటి మీద చెమట పట్టింది. అటుపక్కా ఇటుపక్కా ముట్టుకుని చూశాను. నిజంగానే చెమట. అప్పుడు కళ్ళు మూసుకున్నాను. ఇంతకాలం ప్రార్థనలన్నీ ఆయన చెప్పేవారు, నేను ఆమెన్ అనేదాన్ని. నా అంతట నేను ఎలా మొదలుపెట్టాలో తెలియక, మాట్లాడినట్టే మాట్లాడాను.

ప్రభువా, పాపని కాపాడినందుకు స్తోత్రం. ఆయన్ని నువ్వు క్షమిస్తావు, నీ మనసు నాకు తెలుసు, వద్దన్నా వినవు. కానీ తొందరపడకు.