సగం ఏడు

జూన్ పన్నెండో తేదీ తెల్లవారుజామున టెన్రి తిన్నది నాలుగు వేయించిన పచ్చి అరటిముక్కలు, వాటి మీదికి నూరిన మిరపకాయ. తన ఊరు మకస్సర్‌లో అది అందరూ తినే ఫలహారమే. ఇక్కడ, పరాయి దేశంలో, సెలంగోర్ తీరంలోని పరిశోధన కేంద్రంలో, వంటావిడ ఆ పళ్లెం చూసి, "అరటికాయకి కారమా! కడుపేమైపోను?" అని నవ్వింది. నవ్వినా, పొయ్యి మాత్రం తనే వెలిగించి ఇచ్చింది.

ఆరూ ఇరవైకల్లా టెన్రి రేవులో నిలబడింది. కాళ్లకు రబ్బరు బూట్లు, మెడలో దారం కట్టిన పెన్సిలు. నది అవతల మడ అడవిలో, పన్నెండు చెట్ల మొదళ్ల దగ్గర, అరవై నత్తల వీపుల మీద ఎర్రటి గోళ్ల రంగుతో ముందురోజే అంకెలు వేసి వచ్చింది. పౌర్ణమి పోటు ఆ మొదళ్లను తాకేలోపు అక్కడ ఉండాలి. నత్తలు నీళ్లు తగిలాక చెట్టెక్కుతాయా, తగలకముందే ఎక్కుతాయా అన్నది ఆమె ప్రశ్న. వాళ్ల నాన్న పాలచేపల చెరువు గట్టున చిన్నప్పటినుంచీ చూసింది. నీళ్లు ఇంకా దూరాన ఉండగానే నత్తలు కదిలేవి. కాలేజీలో మాస్టారు ఒప్పుకోలేదు. "చూశాననుకోవడం వేరు, లెక్కపెట్టడం వేరమ్మా" అన్నాడు.

ఆ లెక్క కోసమే నాలుగు వారాల సెలవుల పరిశోధనకు సముద్రం దాటి వచ్చింది. ఆ నాలుగు వారాల్లో నీళ్లు ఆ చెట్లదాకా ఎక్కేది పౌర్ణమికి మూడు రోజులు, అమావాస్యకి మూడు రోజులు. సాయంత్రం పోటుకి వెళ్లే వీల్లేదు. చీకటి పడ్డాక మడ అడవిలో ఎవరూ ఉండకూడదని కేంద్రంలో నియమం. మొసళ్లున్నాయి.

ఆరున్నర దాటింది. పడవ రాలేదు. పడవ పెద్దాయనకి ఫోన్ చేసి తొందరపెట్టడం ఆమెకు చేతకాలేదు. ఏడింటికి మనసు గట్టి చేసుకుని చేసింది. మోగింది, ఎవరూ ఎత్తలేదు. కళ్ల ముందే నది ఉబ్బుతోంది.

ఏడూ ఇరవై అయిదుకి ఇంజను చప్పుడు వినిపించింది. పడవ నడిపే సెమాన్, ఒళ్లో వేడి వేడి కొబ్బరన్నం పొట్లాలు రెండు పెట్టుకుని, నవ్వుతూ వచ్చాడు. అరవై దాటిన మనిషి. అందరూ పాక్ చిక్ అనే పిలుస్తారు, బాబాయ్ అన్నట్టు.

"ఏం తల్లీ, నాకంటే ముందే వచ్చేశావా! నేనూ అయిదు నిమిషాలు ముందే వచ్చాను చూడు."

"పాక్ చిక్, మీతో సగం ఏడు అన్నాను కదా."

"అదే కదా. ఏడు, దాని మీద ఓ సగం."

"కాదు. ఏడుకి సగం తక్కువ."

"తక్కువని ఎక్కడన్నావ్?"

"దాని మీదని నేనెక్కడన్నాను?"

ఆమె దేశంలో ఆ మాటకి ఆరున్నర అని అర్థం, ఈ తీరంలో ఏడున్నర. రెండు దేశాల వాళ్లదీ దాదాపు ఒకటే భాషని, ఏం ఇబ్బంది ఉండదని అందరూ చెప్పి పంపారు. సెమాన్ టోపీ తీసి నది వైపు చూశాడు.

"మా తాతలకి తాత మీ బుగిస్ వాళ్ల దేశం నుంచే పడవెక్కి వచ్చాడంటారు. గడియారం అక్కడే మర్చిపోయినట్టున్నాడు" అన్నాడు మెల్లగా. టెన్రికి ఏడుపు రాబోయి నవ్వొచ్చింది.

వెళ్లి చూస్తే చెట్లు మోకాలి లోతు నీళ్లలో ఉన్నాయి. నత్తలు కొన్ని పైన, కొన్ని నీళ్లలో. ఏది ఎప్పుడు ఎక్కిందో చెప్పే దారి లేదు. ఆ మర్నాడూ, ఆ పై రోజూ పడమటి నుంచి గాలివాన విరుచుకుపడి పడవ కదలలేదు. ఈ తీరంలో ఆ గాలివాన పేరే సుమత్రా, టెన్రి దేశంలోని దీవి పేరు. "ఇదీ మీ వాళ్లు పంపిందే" అన్నాడు సెమాన్, ఇంజను మీద గోనె కప్పుతూ.

మూడో రోజు సాయంత్రం డాక్టర్ రొహాయా ఆమెను గదికి పిలిచింది. కేంద్రంలో విద్యార్థుల పని చూసేది ఆవిడే. టీ కప్పు ముందుకు జరిపి, అది సగం ఖాళీ అయ్యేదాకా పని మాట ఎత్తలేదు.

"రాలిన ఆకులు తూచే పని సిద్ధంగా ఉంది టెన్రి. పోటుతో సంబంధం లేదు. చివర్లో చూపించడానికి ఏదో ఒకటి ఉంటుంది."

"ఏదో ఒకటి కోసం రాలేదు డాక్టర్."

"అమావాస్యకీ గాలివాన వస్తే?"

"ఖాళీ చేతుల్తో వెళ్తాను. నత్తల సంగతి అడగడానికి వచ్చి ఆకుల సంగతి చెప్పలేను."

డాక్టర్ పడవ పుస్తకం తెరిచి, పద్నాలుగు పొద్దులకు టెన్రి పేరు తనే రాసింది. గంటల దగ్గర మాత్రం 06:30 అని అంకెలు వేసి, కింద రెండు గీతలు గీసింది.

ఆ రెండు వారాలు నీళ్లు రాని చెట్ల దగ్గరికే టెన్రి రోజూ వెళ్లింది. బురదలో నడవడం నేర్చుకుంది. మడమ ముందు పెడితే దిగబడుతుంది, వేళ్లు ముందు పెట్టాలి. నేర్చుకునేలోపు పదిసార్లు కూర్చుండిపోయింది. "రాణీగారు సింహాసనం ఎక్కారు" అని సెమాన్ పడవలోంచి కేకేసేవాడు. కేకేస్తూనే తెడ్డు అందించేవాడు. ఎర్ర రంగు పెచ్చులూడుతోందని చెబితే, మర్నాడు మెరిసే గులాబీ రంగు సీసా తెచ్చాడు.

"మా ఆవిడ పెళ్లిళ్ల కోసం దాచుకుంది. నత్తలకని చెప్పలేదు."

"మరి ఏమని చెప్పారు?"

"చెప్పలేదన్నాను కదా."

జూన్ ఇరవయ్యారున మళ్లీ నల్లమబ్బు. పడవ తీయనని సెమాన్ అన్నాడు. టెన్రి వాదించలేదు. బూట్లు విప్పకుండానే రేవు మెట్ల మీద కూర్చుని పుస్తకంలో గళ్లు గీసుకుంది.

ఇరవయ్యేడున ఆకాశం తేటగా ఉంది. ఈ తీరంలో ఏడు దాటితేగాని పొద్దు పొడవదు; ఆరున్నరకు బయల్దేరి, తొలి వెలుగుకు చెట్ల దగ్గర నిలబడ్డారు. సెమాన్ లాంతరు పట్టుకుంటే ఆమె కొలత టేపుతో చెట్టు చెట్టూ తిరిగింది. ఏడింటికి, కింద బురద ఇంకా బయటే ఉండగా, పదిహేడో నంబరు నత్త కదిలింది. తర్వాత పక్కది. ఏడూ పద్నాలుగుకి మొదటి నీటిచార మొదళ్లను తాకేసరికి, అరవైలో నలభై ఒకటి జానెడు పైకి వెళ్లిపోయాయి.

"చూశారా పాక్ చిక్! తగలకముందే!"

సెమాన్ సంతోషించాడు గాని, బురద వైపే చూస్తూ తల గోక్కున్నాడు. "ఒక మాట చెప్పనా తల్లీ? నీళ్లు పైనుంచి రాకముందు కిందనుంచి వస్తాయి. అవిగో, ఎండ్రకాయల బొరియలు. అందులోకి ఎప్పుడొచ్చాయో చూశావా?"

చూడలేదు. ఆ తడే నత్తల్ని కదిలించి ఉండొచ్చు. నలభై ఒకటీ ఒక్క మాటతో చెల్లకుండా పోయాయి. మిగిలింది ఒక్క పొద్దు.

ఆ మధ్యాహ్నమంతా ఇద్దరూ కొబ్బరి ఈనెలు చీల్చి, కొసలకు సుద్ద రాశారు. తడి తగిలితే సుద్ద కరుగుతుంది. ఇరవయ్యెనిమిదిన ప్రతి చెట్టు చుట్టూ ఉన్న బొరియల్లో ఈనెలు దింపి, ఒకసారి నత్తని, ఒకసారి ఈనెని చూస్తూ, ఎడమచేతి గడియారం నిమిషాలు పైకి చదువుతూ తిరిగింది. గొంతు బొంగురుపోయింది. నీళ్లు నడుం దాకా వచ్చి సెమాన్ చెయ్యి పట్టి లాగేదాకా పడవెక్కలేదు.

ఆ సాయంత్రం ప్రయోగశాలలో డాక్టర్ రొహాయా ఆమె రాసిన కాగితం చదివింది. చివరి వాక్యం దగ్గర ఆగింది: నత్తలకు ముందే తెలుసు.

"తెలుసని నత్త నీతో చెప్పిందా?"

"లేదు డాక్టర్."

"మరేం చేసింది?"

"ఎక్కింది."

"అదే రాయి."

టెన్రి ఆ వాక్యం కొట్టేసింది. కింద ఇలా రాసింది: నీళ్లు తగలకముందే ఎక్కాయి. నాలుగు చెట్ల దగ్గర బొరియలు కూడా పొడిగానే ఉన్నాయి, అక్కడి ఇరవైలో పదమూడు ఎక్కాయి. ఎందుకో తెలియదు.

"ఒక్క పొద్దు లెక్క ఇది. ఎవరైనా వచ్చి తప్పంటారు" అంది డాక్టర్.

"అననివ్వండి. వాళ్లూ బురదలో నిలబడి లెక్కపెట్టాకే అంటారు కదా."

డాక్టర్ పెదవి చివర నవ్వు కనిపించీ కనిపించకుండా పోయింది. "ఇంకా ఎంతసేపు?"

"బొరియలు తడిసిన చెట్లలో రెండింటి లెక్క ఉంది. మళ్లీ మొదటినుంచి కూడి చూడాలి."

పొద్దున్నుంచీ నిలబడ్డ కాళ్లని టెన్రి కుర్చీలోకి మడుచుకుని, వేలు మొదటి గడి మీద పెట్టింది. డాక్టర్ తన గదిలోంచి శాలువా తెచ్చి కుర్చీ వీపు మీద వేసింది. ఫ్యాను ఒక మెట్టు తగ్గించింది. వసారాలో దీపం అలాగే వెలగనిచ్చి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేసుకుని వెళ్లిపోయింది.